రేస్ ముందా, ట్రిప్ ముందా? ఫ్యామిలీతో బెర్లిన్ మారథాన్‌కి వెళ్తున్నా, సలహా కావాలి

లేసు_ఊడింది అడిగారు:

అందరికీ నమస్తే. మూడేళ్ళుగా లాటరీలో పేరు వేస్తూనే ఉన్నా, ఈసారి బెర్లిన్ తగిలింది. ఇంతవరకు మూడు హాఫ్‌లు (21 కిలోమీటర్లవి), ఒక ఫుల్ (42 కిలోమీటర్ల మారథాన్) చేశా, ఆ ఫుల్ 4 గంటల 52 నిమిషాలు, అందులో చివరి గంట నడకే అనుకోండి. ఈసారి 4:30 లోపు కొట్టాలని ఆశ.

అసలు సమస్య ఇప్పుడు చెప్తా. నాకు దొరికే లీవు మొత్తం 12 రోజులు, ప్రయాణాలు కలిపి. మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప కూడా వస్తున్నారు. ఈ ఏడాదికి మా ఫ్యామిలీ ట్రిప్ ఇదే, మళ్ళీ వేరేది ఉండదు. బెర్లిన్, ఆ తర్వాత ప్రాగ్ అనుకుంటున్నాం. నా ప్లాన్ ఏంటంటే ముందు ప్రాగ్ వెళ్ళి హాయిగా తిరిగేసి టైమ్ తేడా కూడా అక్కడే సర్దుకుని చివర్లో బెర్లిన్ వచ్చి రేస్ కొట్టేసి మర్నాడే ఫ్లైట్ ఎక్కేద్దామని. ఇది విని మా ఆవిడ "అంటే ట్రిప్ అంతా నీ మోకాళ్ళు జాగ్రత్తగా చూసుకుంటూ తిరగాలన్నమాట" అంది. ఆ మాటలో న్యాయం ఉందని నాకూ అనిపిస్తోంది.

మేం ఉండేది అమెరికా తూర్పు తీరంలో, మాకూ అక్కడికీ ఆరు గంటల తేడా, మేం తూర్పుకి వెళ్తాం. రేస్ ముందు పెట్టుకోవాలా, చివర్లోనా? తిరుగుతూనే ట్రైనింగ్ పోకుండా చూసుకోవడం అయ్యే పనేనా? ఇదివరకు చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. టికెట్లు ఇంకా బుక్ చెయ్యలేదు.

---

ఆఖరి_బ్యాచ్ రాశారు:

బ్రో టికెట్లు బుక్ చెయ్యకముందే అడిగావు, అది మంచి పని. రేస్ ముందు పెట్టుకో. ఇందులో రెండో మాట లేదు.

నువ్వు వేసిన ప్లానే నేను ఒకసారి వేశా. తొమ్మిది రోజులు తిరిగి పదో రోజు రేస్. రోజూ రాత్రి హోటల్‌కి వచ్చి వాచీ చూసుకుంటే 22 వేలు, 25 వేలు అడుగులు. నడకే కదా ఏమవుతుందిలే అనుకున్నా. రేస్ ముందురోజు "ఈ రోజు రెస్ట్" అని ప్రకటించి మ్యూజియంకి తీసుకెళ్ళా మా వాళ్ళని, అక్కడ పాలరాతి నేల మీద నాలుగు గంటలు, నడవడం కూడా కాదు, ఒక్కో బొమ్మ ముందు నిలబడటం, రెండడుగులు వెయ్యడం, మళ్ళీ నిలబడటం. పరుగు కంటే పిక్కల్ని ఎక్కువ చంపేది అదే అని మర్నాడు 30వ కిలోమీటర్ దగ్గర తెలిసింది. లాగేసింది అనడం కూడా తక్కువే, రోడ్డు పక్కన కూర్చుంటే వాలంటీర్ పిల్ల ఒకమ్మాయి వచ్చి నా షూ విప్పి పాదం వెనక్కి వంచి పట్టుకుంది. అలా ఓ పది నిమిషాలు. దణ్ణం పెట్టి లేచా.

నీ లెక్క ఇలా వేసుకో. మంగళవారం దిగు. రేస్ ఆదివారం. సోమవారం బెర్లిన్‌లోనే ఉండి మెల్లగా తిరగండి, మంగళవారం ప్రాగ్ రైలు ఎక్కండి, నాలుగు గంటల పైనే పడుతుంది, గంటకోసారి లేచి బోగీలో అటూ ఇటూ నడువు లేకపోతే దిగేటప్పుడు ఇద్దరు పట్టుకుని దింపాలి. అక్కణ్ణుంచి మిగతా రోజులన్నీ మీ ఆవిడవి. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్ళు, నోరెత్తకు.

ట్రైనింగ్ పోతుందేమో అని భయం అక్కర్లేదు. చివరి రెండు మూడు వారాలు ఎలాగూ టేపర్, కిలోమీటర్లు తగ్గించాల్సిందే. ఆ వారంలో నువ్వు కొత్తగా సంపాదించే ఫిట్‌నెస్ ఏమీ ఉండదు, పోగొట్టుకునేది మాత్రం చాలా ఉంటుంది. మూడు చిన్న పరుగులు చాలు, ఒక్కోటి 30 నుంచి 40 నిమిషాలు, ఒకదాంట్లో మాత్రం కాసేపు రేస్ స్పీడ్.

ఇంకొకటి, బిబ్ (చొక్కాకి తగిలించుకునే రేస్ నంబర్) వేరేవాళ్ళు తెచ్చివ్వరు. నువ్వే ఐడీ పట్టుకుని వెళ్ళాలి, అక్కడ చేతికి ఒక బ్యాండ్ వేస్తారు, ఆదివారం దాకా తియ్యకూడదు, స్నానం చేసినా సరే. పాత టెంపెల్‌హోఫ్ ఎయిర్‌పోర్ట్‌లో ఎక్స్‌పో పెడతారు, బిబ్ ఇచ్చేది అక్కడే, బ్రహ్మాండమైన బిల్డింగు, పాపకి కూడా చూడ్డానికి బాగుంటుంది. శనివారం పోవద్దు, జనం విరగబడతారు. గురువారమో శుక్రవారమో పని కానిచ్చెయ్.

రేస్ షూ, షార్ట్స్, వాచీ, జెల్స్ (పరిగెత్తేటప్పుడు శక్తికి తినేవి) క్యాబిన్ బ్యాగ్‌లోనే. చెక్ఇన్ బ్యాగ్ రాకపోతే టీషర్ట్ కొనుక్కోవచ్చు, 150 కిలోమీటర్లు పరిగెత్తి పాదానికి అలవాటైన షూ ఎక్కడ కొంటావ్?

---

పొద్దున్నే_లేచే_అమ్మ రాశారు:

పైన ఆయన చెప్పినవన్నీ నిజమే గానీ అందరూ పరిగెత్తే మనిషి గురించే మాట్లాడుతున్నారు, రోడ్డు పక్కన నిలబడే వాళ్ళ గురించి ఒక్కరూ అనరు. మా ఇంట్లో పరిగెత్తేది నేను, నిలబడేది మా ఆయన, ఇద్దరు పిల్లలు. మొదటిసారి మేం చేసిన పొరపాటు, మ్యాప్ చూసి ఏడు చోట్ల కలుద్దామని ప్లాన్ వేశాం. మూడు చోట్ల రైలు మిస్సు, రెండు చోట్ల వీళ్ళు వచ్చేసరికి నేను దాటేశా, చిన్నది ఏడుపు, పెద్దాడు ఆకలి, ఆయనకి కోపం. నేనేమో ప్రతి మలుపులో వీళ్ళని వెతుక్కుంటూ మెడ నొప్పి తెచ్చుకున్నా.

ఇప్పుడు మా రూలు: రెండే చోట్లు. ఒకటి సగం దాటాక, ఒకటి 35 కిలోమీటర్ల తర్వాత, ఎందుకంటే మనవాళ్ళ మొహం అవసరమయ్యేది అప్పుడే, 5వ కిలోమీటర్ దగ్గర ఎవరైనా నవ్వుతారు. రోడ్డుకి ఎడమ పక్కా కుడి పక్కా ముందే చెప్పుకోవాలి, "పరిగెత్తేవాళ్ళ ఎడమ" అని స్పష్టంగా, లేకపోతే వాళ్ళ ఎడమ నీ కుడి అవుతుంది. పాప చేతికి ఏదైనా పట్టించండి, మా చిన్నది పసుపు గొడుగు పట్టుకుంటుంది, వాన ఉన్నా లేకపోయినా. వేల మందిలో ఆ గొడుగు అర కిలోమీటర్ నుంచి కనిపిస్తుంది నాకు.

ఫినిష్ తర్వాత కలిసే చోటు కూడా ముందే అనుకోండి, ఫోన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, అంత జనంలో సిగ్నల్ దొరకదు. బెర్లిన్‌లో బ్రాండెన్‌బుర్గ్ గేటు దాటాక ఫినిష్ ఇంకా కొన్ని వందల మీటర్లు ఉంటుంది, గేటే ఫినిష్ అనుకుని అక్కడ రెండు చేతులూ ఎత్తేసి ఫొటోకి నవ్వేసి తర్వాత ఏడ్చినవాళ్ళు బోలెడుమంది.

శనివారం అదే రోడ్డు మీద ఇన్‌లైన్ స్కేటింగ్ మారథాన్ ఉంటుంది. పాపని అక్కడికి తీసుకెళ్ళండి, పిల్లలకి పరుగు కంటే అదే నచ్చుతుంది, గుంపులు గుంపులుగా ఝామ్మని పోతారు. మీరు మాత్రం కుర్చీ చూసుకుని కూర్చోండి. రేస్ ముందు ఊరు చూడాలంటే స్ప్రీ నది మీద పడవ ఉంది, బస్సు ఉంది, కాళ్ళు కదపకుండా సగం బెర్లిన్ చూసెయ్యొచ్చు.

మీ ఆవిడకి ఒక పూట రాసివ్వండి. రేస్ ముందు ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాప మీ దగ్గర, ఆవిడ ఒక్కతే ఎక్కడికైనా. "మెడల్ వచ్చాక నీ ఇష్టం" అని అప్పు పెట్టకండి. రేస్ తర్వాత మూడు రోజులు మీరు దేనికీ పనికిరారు, అనుభవంతో చెప్తున్నా.

---

నెమ్మదస్తుడు రాశారు:

నాకు ఈ పద్ధతే నచ్చదు అండి, చెప్పేస్తా, తిట్టుకోండి. ట్రిప్‌లో మారథాన్ పెట్టుకుంటే రెండు పడవల మీద కాళ్ళే. ఆ ఊరు చూసినట్టూ ఉండదు, రేస్ సరిగ్గా పరిగెత్తినట్టూ ఉండదు. లండన్‌కి 2026 రేస్ కోసం 11 లక్షల పైన జనం బ్యాలట్‌లో (అదే, లాటరీలో) పేర్లిచ్చారు. 'మేజర్స్' అనే పెద్ద మారథాన్‌ల మెడల్స్ సెట్ పూర్తి చెయ్యాలని జనం ఆరు ఊళ్ళు తిరుగుతుంటే 2025లో సిడ్నీ కూడా కలిపి ఏడు చేశారు. ఆ లిస్టు ఎప్పటికి తెగాలి?

నేను చేసేది చాలా సింపుల్. ఏ ఊరెళ్ళినా శనివారం పొద్దున పార్క్‌రన్ (పార్కులో అందరూ కలిసి పరిగెత్తేది) ఎక్కడుందో చూసుకుంటా. 5 కిలోమీటర్లు, డబ్బులు కట్టక్కర్లేదు, ఒకసారి రిజిస్టర్ అయి బార్‌కోడ్ తెచ్చుకుంటే ఏ దేశంలోనైనా అదే పనిచేస్తుంది. 2004లో లండన్ దగ్గర బుషీ పార్క్‌లో 13 మందితో మొదలైంది, ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో ఉంది. పరుగయ్యాక అక్కడివాళ్ళతో అరగంట కబుర్లు, ఏ గైడూ చెప్పని విషయాలు వాళ్ళు చెప్తారు. తొమ్మిదిన్నర పదికల్లా అంతా అయిపోతుంది, ఇంట్లోవాళ్ళు అప్పటికి టిఫిన్ దగ్గరే ఉంటారు.

పెద్ద లక్ష్యం కావాలంటే నడవండి. స్పెయిన్‌లో సాంటియాగో యాత్ర దారి ఉంది కదా, చివరి 100 కిలోమీటర్లు నడిస్తే సర్టిఫికెట్ ఇస్తారు, సైకిల్ మీదైతే 200. దారి పొడుగునా పాస్‌పోర్ట్ లాంటి పుస్తకంలో స్టాంపులు వేయించుకోవాలి. మేం ఆరు రోజుల్లో నడిచాం, నా పక్కన డెబ్భై దాటిన ఒక పెద్దాయన చిన్న సంచీ తగిలించుకుని రోజూ నాకంటే గంట ముందు చేరేవాడు. అదీ ఫిట్‌నెస్సే కదా, అక్కడ ప్రయాణం వేరు ఎక్సర్‌సైజ్ వేరు కాదు.

అయినా లాటరీ తగిలింది కాబట్టి వెళ్ళండి, వద్దనను. 4:30 అనే నంబర్ మాత్రం ఇంట్లో పెట్టి రండి.

---

ఆఖరి_బ్యాచ్ రాశారు:

@నెమ్మదస్తుడు అన్నా మూడేళ్ళు ఎదురుచూసిన మనిషికి నంబర్ ఇంట్లో పెట్టమంటావేంటి 😄 బెర్లిన్ అంటేనే టైమ్ కోసం పరిగెత్తే చోటు. కెన్యా రన్నర్ కిప్‌చోగె 2022లో 2:01:09 కొట్టింది అక్కడే, అంత ఫ్లాట్ రోడ్డు. మనకి 4:30 రావాలన్నా అంతకంటే మంచి రోడ్డు దొరకదు.

కాకపోతే ఒకటి, రోడ్డు మీద నీలం గీత ఉంటుంది, కొలిచిన 42.195 ఆ దారిదే. జనంలో అటూ ఇటూ తప్పుకుంటూ పోతే వాచీలో 42.6, 42.7 చూపిస్తుంది. కాబట్టి వాచీ చూపించే పేస్‌ని (కిలోమీటర్‌కి పట్టే టైమ్‌ని) నమ్ముకోకు, కిలోమీటర్ బోర్డు దగ్గర టైమ్ చూసుకో. 4:30కి కిలోమీటర్‌కి 6 నిమిషాల 24 సెకన్ల చొప్పున కావాలి, నువ్వు 6:20 పెట్టుకో.

---

మూడు_ఆటల_పిచ్చి రాశారు:

మీరంతా అదృష్టవంతులు, షూ ఒక్కటి క్యాబిన్‌లో పెడితే చాలు. నేను ఐరన్‌మ్యాన్ వాణ్ణి, 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, ఆ తర్వాత మీ మారథాన్. సైకిల్ విప్పి పెట్టెలో సర్దటానికే ఒక రాత్రి. ఒకసారి పెట్టె తెరిస్తే వెనక గేర్ తగిలించే హ్యాంగర్ వంగిపోయి ఉంది, అరచెయ్యంత కూడా ఉండదు ఆ ముక్క, ఆ మోడల్‌ది ఆ ఊళ్ళో ఏ షాపులోనూ లేదు. రెండు రోజులు తిరిగా. చివరికి ఎక్స్‌పోలో ఎవరో తోటి రేసర్ తన స్పేర్ తీసిచ్చాడు. అప్పట్నుంచి స్పేర్ హ్యాంగర్ నా పాస్‌పోర్ట్ పక్కనే ఉంటుంది. ఎవరైనా సైకిల్‌తో వెళ్తుంటే, టైర్లు నింపే చిన్న గ్యాస్ కాట్రిడ్జ్‌లకి ఎయిర్‌లైన్‌వి సెపరేట్ రూల్స్ ఉంటాయి, ముందు అడగండి లేదా అక్కడే కొనుక్కోండి.

ప్రశ్న వేసినాయనకి: రేస్ ముందే పెట్టుకోండి, నా ఓటు కూడా అదే.

---

పిక్కల_డాక్టరమ్మ రాశారు:

పేరు చూసి డాక్టర్ అనుకోకండి, ఫిజియోని. మూడు విషయాలు, ఎవరూ సరిగ్గా ముట్టుకోలేదు.

నిద్ర. తూర్పుకి ఆరు గంటలంటే పూర్తిగా సర్దుకోవడానికి దాదాపు గంటకో రోజు పడుతుంది, పడమటికి వెళ్ళడం కంటే ఇదే కష్టం. మంగళవారం దిగితే ఆదివారానికి చాలావరకు సరిపోతుంది. రేస్ తొమ్మిదింపావుకి మొదలవుతుంది, వెనక వేవ్‌లు (గుంపులు) ఇంకా ఆలస్యం, కానీ సర్దుకోని ఒంటికి అది తెల్లవారుజాము మూడున్నర, నాలుగు. అందుకే బయల్దేరే ముందు నాలుగు రోజులు రోజుకో అరగంట ముందు పడుకుని అరగంట ముందు లేవండి. దిగిన మొదటి రోజు మరీ పొద్దున్నే ఎండలోకి పోకండి, చల్లద్దాలు పెట్టుకోండి, పదిన్నర తర్వాత బాగా వెలుతురులో తిరగండి. మరీ పొద్దున్నే పడే వెలుతురు ఒంట్లో గడియారాన్ని తప్పు వైపుకి నెడుతుంది. వెలుతురులోకి వెళ్ళే టైమ్‌ని రోజూ ఓ గంట ముందుకి జరుపుకుంటూ పోండి. ముందురాత్రి నిద్ర పట్టకపోయినా కంగారు పడొద్దు, ఎవరికీ పట్టదు, శుక్రవారం రాత్రి నిద్ర ముఖ్యం.

మందులు. రేస్ రోజు ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకుని పరిగెత్తకండి, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద భారం. అక్కడి కొత్త తిండి ప్రయోగాలు సోమవారం నుంచి.

తిరుగు ఫ్లైట్. మీ మొదటి ప్లాన్‌లో నన్ను భయపెట్టింది ఇదే, మారథాన్ మర్నాడే లాంగ్ ఫ్లైట్. కండరాలు దెబ్బతిని, నీరు తగ్గి ఉన్న కాళ్ళు గంటల తరబడి కదలకుండా వేలాడితే రక్తం గడ్డకట్టే రిస్క్ పెరుగుతుంది. నాలుగైదు రోజులు ఆగితే చాలా నయం. అప్పుడు కూడా నడవా పక్కన సీటు తీసుకోండి, కంప్రెషన్ సాక్స్ వేసుకోండి, గంటకోసారి లేవండి. ఒక్క పిక్కే వాచి వేడిగా నొప్పిగా ఉంటే "రేస్ నొప్పిలే" అనుకోకుండా వెంటనే చూపించుకోండి.

అన్నట్టు ప్రాగ్ రోడ్లన్నీ రాళ్ళు పరిచినవి, కోట దగ్గర మెట్లు. ఎక్కడం పర్లేదు, దిగడం నరకం. వెనక్కి తిరిగి దిగండి, సిగ్గుపడకండి.

---

లేసు_ఊడింది రాశారు:

అమ్మో ఇన్ని జవాబులా, అందరికీ థాంక్స్. మా ఆవిడ పక్కనే కూర్చుని మొత్తం చదివింది. పొద్దున్నే_లేచే_అమ్మ గారి పోస్టు రెండుసార్లు చదివింది, "ఒక పూట" అన్న మాట దగ్గర నా వైపు చూసింది. శుక్రవారం మొత్తం రాసిచ్చేశాను.

మంగళవారం దిగి ఆదివారం రేస్, సోమవారం రెస్ట్, మంగళవారం ప్రాగ్, శుక్రవారం రాత్రి ఫ్లైట్. ఫిక్స్. కోట మెట్ల సంగతి ఆవిడకి చెప్తే "మొదటి రోజే కోట" అంది.

ఇంకో రెండు డౌట్లు. చివరి నిమిషంలో రేస్ క్యాన్సిల్ అయితే పరిస్థితి ఏంటి? ఇంకోటి, ఇది బాగా జరిగితే వచ్చే రెండేళ్ళలో ఇంకోటి చేద్దామని ఉంది, ఇంట్లోవాళ్ళకి కూడా బాగుండే రేస్ ఏది?

---

ఆఖరి_బ్యాచ్ రాశారు:

క్యాన్సిల్ అరుదు గానీ జరుగుతుంది. 2012లో న్యూయార్క్ రేస్‌ని శాండీ తుఫాను వల్ల ఆదివారం రేస్ అనగా శుక్రవారం ఆపేశారు, అప్పటికే ప్రపంచం నలుమూలల నుంచి జనం దిగిపోయి ఉన్నారు. కాబట్టి క్యాన్సిల్ చేసుకోగల హోటల్ తీసుకో, ఎంట్రీ ఫీజు రిఫండ్ రూల్ ముందే చదువు. ఎలాగూ ప్రాగ్ ఉంది కదా, రేస్ పోయినా ట్రిప్ పోదు, నీ ప్లాన్‌లో మంచి సంగతే అది.

రెండోదానికి, న్యూయార్క్ రేస్‌గా సూపర్ గానీ స్టేటన్ ఐలాండ్‌లో స్టార్ట్, తెల్లారకముందే బస్సో ఫెర్రీయో ఎక్కి అక్కడ చలిలో గంటల కొద్దీ కూర్చోవాలి. బాస్టన్‌కి చాలామందికి క్వాలిఫైయింగ్ టైమ్ ఉండాలి, మన లాంటి వాళ్ళకి ఈ జన్మకి కష్టం. నన్నడిగితే ఏథెన్స్. నవంబర్‌లో. మారథాన్ అనే ఊళ్ళో మొదలై 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియంలో ముగుస్తుంది, ఇంట్లోవాళ్ళు మెట్ల మీద దర్జాగా కూర్చుని నువ్వు లోపలికి రావడం చూస్తారు. కాకపోతే 10 నుంచి 31 కిలోమీటర్ల దాకా చాలావరకు ఎత్తే, టైమ్ మీద ఆశ వదులుకో.

---

పొద్దున్నే_లేచే_అమ్మ రాశారు:

నార్వేలో ట్రామ్సో కూడా చూడండి, జూన్‌లో, రేస్ సాయంత్రం మొదలవుతుంది, అర్ధరాత్రి కూడా సూర్యుడు పైనే ఉంటాడు. పిల్లల్ని పడుకోబెట్టడం మాత్రం మీ చావు.

ఇటలీ అనుకుంటే ఒక్క మాట, అక్కడ రేసులకి మెడికల్ సర్టిఫికెట్ అడిగేవాళ్ళు, వాళ్ళ ఫారం మీద వాళ్ళు చెప్పిన టెస్టులతో, ఇప్పుడెలా ఉందో ముందే చూసుకోండి. మా ఫ్రెండ్ ఆఖరి వారం చూసుకుని క్లినిక్‌ల చుట్టూ పరిగెత్తింది, మారథాన్ కంటే ఎక్కువ.

---

నెమ్మదస్తుడు రాశారు:

శుక్రవారం రాసిచ్చాడంటే మనిషి బాగుపడతాడు. బెర్లిన్‌లో హాసెన్‌హైడె పార్క్‌లో పార్క్‌రన్ ఉంది, రేస్ ముందురోజు పరిగెత్తకు గానీ పాపని తీసుకెళ్ళి చప్పట్లు కొట్టించు.

---

పిక్కల_డాక్టరమ్మ రాశారు:

కాలి గోళ్ళు గురువారమే కత్తిరించుకోండి. శనివారం రాత్రి హోటల్ గదిలో టెన్షన్‌తో కత్తిరించుకుని వేలు కోసుకుని ఆదివారం పొద్దున నాకు ఫొటో పంపేవాళ్ళు ఏటా ఒకరైనా ఉంటారు.